ఫ్రీమేసన్ లాడ్జి సభ్యత్వం: క్రతువుకు ఎక్కువ మార్కులు, ఆలోచనకు తక్కువ

ఫ్రీమేసన్ల సోదర సంఘానికి స్థానిక శాఖ అయిన లాడ్జిలో చేరవచ్చా అని అడిగేవారికి సాధారణంగా రెండు రకాల సమాధానాలు దొరుకుతాయి. లోపలివారు పొగడ్తతో ముంచెత్తుతారు, బయటివారు అనుమానంతో కనుబొమలు ముడుస్తారు. చందా కట్టి, సభ్యత్వపు మెట్లయిన మూడు డిగ్రీలూ పూర్తిచేసి, లాడ్జిలో కొన్ని బాధ్యతలు నిర్వహించి, ఇప్పటికీ సమావేశాలకు వెళుతున్న సభ్యుడిగా ఈ సమీక్షను ఆ రెండు ధోరణులకూ దూరంగా రాయాలనుకున్నాను. ఏ లాడ్జి అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒక సంస్థ సభ్యుడికి ఏమి ఇస్తానంటుందో, చివరికి అతని చేతికి ఏమి అందుతుందో చూడడమే నా ఉద్దేశం. తోటివారి సహవాసం, పద్ధతిగా జరిగే క్రతువు, తనను తాను తరచి చూసుకునే నైతిక చింతన అన్న మూడింటినీ లాడ్జి వాగ్దానం చేస్తుంది. క్రతువు చక్కగా అందుతుంది. సహవాసం మీరు కాస్త చొరవ చూపితే అందుతుంది. చింతనను మాత్రం లాడ్జి గుమ్మం దాకా తెచ్చి అక్కడే వదిలేస్తుందన్నది నా అభిప్రాయం.

కొంత నేపథ్యం లేకపోతే మిగతాది అర్థం కాదు. మధ్యయుగపు ఐరోపాలో కోటలూ చర్చిలూ కట్టిన రాతిపనివారి ఆచారాలనూ పనిముట్లనూ ప్రతీకలుగా తీసుకొని ఎదిగిన సోదర సంఘం ఇది. రాతిపనితో ఏ సంబంధమూ లేనివారు ఇందులో చేరడం 17వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. ఎలియాస్ ఆష్‌మోల్ అనే ఆంగ్ల పండితుడు 1646లో వారింగ్టన్‌లో తాను ఫ్రీమేసన్‌గా చేరిన సంగతిని తన డైరీలో రాసుకున్నాడు. 1717 జూన్ 24న నాలుగు లాడ్జిల సభ్యులు లండన్‌లోని 'గూస్ అండ్ గ్రిడైరన్' అనే సత్రంలో కలిసి లాడ్జిలపై పాలక సంస్థగా తొలి గ్రాండ్ లాడ్జిని నెలకొల్పారన్నది సంప్రదాయంగా చెప్పే చరిత్ర, అయితే ఈ తేదీని ప్రశ్నిస్తున్న చరిత్రకారులు కూడా ఉన్నారు. 1723లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి అచ్చయింది. ఇంగ్లండులో పోటీపడుతూ వచ్చిన రెండు గ్రాండ్ లాడ్జిలు 1813లో ఒకటయ్యాయి. ప్రపంచమంతటికీ కలిపి ఒకే అధిపతి, ఒకే కేంద్రం అన్నవి ఈ వ్యవస్థలో లేవు. ఒక్కొక్క గ్రాండ్ లాడ్జి స్వతంత్రం కాబట్టి క్రతువులో మాటలూ, వాడే పనిముట్లూ, సభ్యులు నడుముకు కట్టుకునే ఏప్రన్ల రంగులూ చోటునుబట్టి మారుతుంటాయి. నేను చెప్పబోయేది ఇంగ్లీషు పద్ధతిని అనుసరించే లాడ్జికి ఎక్కువగా వర్తిస్తుంది.

చేరే ప్రక్రియ నెమ్మదిగా సాగుతుంది, అలా సాగడమే మంచిది. చేరమని మిమ్మల్ని ఎవరూ వెంటపడి అడగరు; ఆసక్తి మీవైపు నుంచే రావాలన్నది పాత ఆనవాయితీ. తరువాత కొందరు సభ్యులు మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు. ఏ మతమని కాక, సర్వోన్నతమైన ఒక శక్తిని నమ్ముతారా అని మాత్రమే అడుగుతారు. ఆ శక్తిని లాడ్జి భాషలో 'విశ్వపు మహా స్థపతి' అంటారు. మీ కుటుంబానికి ఇది ఇష్టమేనా, నేరచరిత్ర ఏమైనా ఉందా అన్న ప్రశ్నలూ వస్తాయి. ఆ పైన రహస్య ఓటింగు జరుగుతుంది. తెల్ల గోళీలు, నల్ల గోళీలు ఉన్న పెట్టె సభ్యుల మధ్య తిరుగుతుంది, నియమం పేర్కొన్నన్ని నల్ల గోళీలు పడితే చాలు, కారణం చెప్పకుండానే దరఖాస్తు తిరస్కరిస్తారు. స్వప్రయోజనం ఆశించి రావడం లేదని అభ్యర్థి ముందే ప్రకటించాలి. ఇంతవరకూ పద్ధతిగానే ఉంది. నాకు నచ్చనిదల్లా ఇంత శ్రద్ధగా ప్రశ్నలు అడిగే పెద్దలు తమవైపు నుంచి చెప్పవలసిన రెండు విషయాలను పైపైన దాటవేయడం. వార్షిక చందాతో ఖర్చు ముగియదు. ఏప్రన్, నల్ల సూటు, తెల్ల చేతిజోళ్లు, ప్రతి సమావేశం తరువాతి విందు, తిరిగి తిరిగి వచ్చే దానపు సంచి అన్నీ కలుపుకొని లెక్క వేసుకోవాలి. సమయం కూడా అంతే. సమావేశం ఒక సాయంత్రమే అయినా, బాధ్యత తీసుకున్నవారికి దాని వెనుక సాధన కోసం పోయే సాయంత్రాలు ఎన్నో ఉంటాయి.

ఇక లాడ్జి గది. మొదటిసారి అడుగుపెట్టినవారికి ఇది ఆరాధనాస్థలమో న్యాయస్థానమో అర్థం కాదు. నడుమ నలుపు తెలుపు గళ్ల నేల, చుట్టూ నాలుగు వైపులా కుర్చీలు. తూర్పున లాడ్జి అధ్యక్షుడైన వర్షిప్‌ఫుల్ మాస్టర్, పడమట ఆయన తరువాతి అధికారి సీనియర్ వార్డెన్, దక్షిణాన జూనియర్ వార్డెన్ కూర్చుంటారు. ఉత్తరాన అలాంటి పీఠం ఉండదు. మాస్టర్ ముందు పవిత్ర గ్రంథం తెరిచి, దానిపై మూలమట్టాన్నీ వృత్తలేఖినినీ ఉంచుతారు. అభ్యర్థి ప్రమాణం చేసేది తన మతగ్రంథం మీదే కాబట్టి, పలు మతాలవారున్న లాడ్జిలో ఒకటికి మించిన గ్రంథాలు పక్కపక్కనే తెరిచి ఉంటాయి. ఒకవైపు చెక్కని బండరాయి, మరోవైపు నునుపుగా చెక్కిన రాయి ఉంటాయి. ఉన్న మనిషి మొదటిది, కావలసిన మనిషి రెండోది. ఇంత సూటిగా చెప్పే ప్రతీక దగ్గర వివరణ అక్కరలేదు, అయినా వివరిస్తారు.

సమావేశం తెరిచే పద్ధతి నాకు ఈ మొత్తం అనుభవంలో అన్నిటికన్నా ఇష్టమైనది. తలుపు బయట టైలర్ అనే బయటి కాపలాదారు ఒర దీసిన కత్తితో కాపలా ఉంటాడు. లోపలి కాపలాదారు తలుపు తట్టి, బయటినుంచి జవాబుగా వచ్చే దెబ్బలు విని, లాడ్జి సురక్షితంగా ఉందని నివేదిస్తాడు. అప్పుడు మాస్టర్ ఒక్కొక్క అధికారిని అతని స్థానమేమిటో, అక్కడ ఎందుకు ఉన్నాడో అడుగుతాడు. నడినెత్తికి వచ్చిన సూర్యుణ్ణి గుర్తించి పనివారిని విశ్రాంతికి పిలవడానికి దక్షిణాన ఉన్నానని జూనియర్ వార్డెన్ చెబుతాడు. అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూసి పని ముగించడానికి పడమట ఉన్నానని సీనియర్ వార్డెన్ చెబుతాడు. ఆఖరున మాస్టర్ స్థానం వంతు వస్తుంది: సూర్యుడు తూర్పున ఉదయించి పగటిని తెరిచినట్లే, లాడ్జిని తెరిచి సోదరులను పనికి పురమాయించడం అతని విధి. ఈ ప్రశ్నలకు జవాబులు అందరికీ తెలిసినవే, ప్రతి సమావేశంలోనూ అవే. అయినా రోజంతా ఫోనుకీ పద్దులకీ అతుక్కుపోయిన పదిపాతికమంది ఆ కొద్ది నిమిషాల్లో ఒక్క చోటికి, ఒక్క పనికి వచ్చి నిలుస్తారు. సమయానికి ముందు రాకుండా, ఈ భాగాన్ని తప్పించుకొని భోజనం వేళకు చేరుకునే సభ్యులను చూస్తే, మంచి భాగం వదులుకొని చందా దండగ చేసుకుంటున్నారనిపిస్తుంది.

మూడు డిగ్రీల్లో మొదటిది ఎంటర్డ్ అప్రెంటిస్. దాన్ని మొత్తం వర్ణించి చేరబోయేవారికి దక్కవలసిన అనుభవాన్ని చెడగొట్టను. కానీ ఒక ఘట్టం ముద్రిత గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి దాని గురించి చెప్పవచ్చు. అభ్యర్థిని డబ్బుగానీ ఏ లోహవస్తువుగానీ ఒంటిమీద లేకుండా లోపలికి తెస్తారు. ప్రమాణం తరువాత అతన్ని గదిలో ఈశాన్య మూల నిలబెడతారు. భవనానికి పునాదిరాయి వేసే మూల అది. అక్కడ ఒక అధికారి దానధర్మాల గొప్పతనాన్ని వివరించి, నీకు తోచినంత ఇవ్వమని చేయి చాస్తాడు. ఎంత చదివి వచ్చినా ఆ క్షణాన అభ్యర్థి చేయి అసంకల్పితంగా జేబువైపు వెళ్లడం నేను కుర్చీలో కూర్చుని చూశాను. కొందరు ఇబ్బందిగా నవ్వుతారు. ఒకరు బయట సంచిలో ఉంది, తెచ్చిస్తానని గొంతు తగ్గించి చెప్పారు. అడిగిన అధికారి తొందరపడడు. లేదన్న మాట అభ్యర్థి నోటితోనే అనిపించే దాకా ఆగుతాడు. ఆ తరువాతే చెబుతాడు, ఇంతకన్నా దీనస్థితిలో ఎవరైనా నీ ఎదుటికి వచ్చినప్పుడు, ఏమీ లేకుండా నిలబడ్డ ఈ క్షణాన్ని గుర్తుంచుకొమ్మని. లేమి గురించి నేను విన్న ఉపన్యాసాలేవీ ఈ రెండు నిమిషాలకు సాటిరావు. ఉపన్యాసం వినేవాడు సురక్షితంగా కూర్చుని ఉంటాడు, ఇక్కడ అతను ఖాళీ జేబుతో పదిమంది ముందు నిలబడి ఉంటాడు.

పనిముట్ల ప్రసంగం కూడా ఇదే డిగ్రీలో వస్తుంది. 24 అంగుళాల కొలబద్ద రోజులోని 24 గంటలకు గుర్తు. కొంత భాగం ప్రార్థనకు, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత అవసరంలో ఉన్న మిత్రుడికో సోదరుడికో కేటాయించాలంటారు. సుత్తి అంతరాత్మ బలానికి గుర్తు. ఉలి విద్యవల్ల కలిగే మేలుకు గుర్తు. ఎంటర్డ్ అప్రెంటిస్‌కు కట్టే గొర్రెతోలు ఏప్రన్ మీద ఏ అలంకారమూ ఉండదు, తెల్లగా ఉంటుంది. దేశాలిచ్చే బిరుదు పతకాలకన్నా అది గౌరవప్రదమైనదని చెప్పి మరీ కడతారు. ఈ మాటల్లో కొత్త తత్త్వమేమీ లేదు. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా పెద్దలు చెప్పేవే. తేడా అల్లా చెప్పే తీరులో ఉంది, అందుకే చెప్పే తీరు బాగుండడం లాడ్జికి ప్రాణంతో సమానం.

ఈ క్రతువు పుస్తకం చూసి చదివేది కాదు, కంఠతా పట్టి చెప్పవలసింది. రోజంతా దుకాణంలోనో ఆఫీసులోనో గడిపే మనిషి, రంగస్థలంతో ఏనాడూ పరిచయం లేనివాడు, పాతకాలపు పొడుగాటి వాక్యాలను తడుముకోకుండా ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చెప్పినప్పుడు ఆ మాటలకు వచ్చే బరువు వేరు. లండన్‌లో క్రతువు సాధన కోసం 1823లో మొదలైన ఎమ్యులేషన్ లాడ్జ్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్‌లో ఒక క్రతువును ఒక్క పొరపాటూ లేకుండా నడిపిన సభ్యుడికి వెండి అగ్గిపెట్టె బహూకరిస్తారంటే, ఈ సంప్రదాయంలో జ్ఞాపకశక్తికి ఎంత విలువ ఉందో ఊహించుకోవచ్చు. అన్ని లాడ్జిల్లోనూ ఆ స్థాయి ఉండదని చేరబోయేవారు తెలుసుకోవాలి. ఒడిలో చిన్న నీలి పుస్తకం పెట్టుకొని, తల ఎత్తకుండా గొణిగే మాస్టర్లను చూశాను. ఇంకా ఘోరమైనది మాట అందించే గోల. చెప్పేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినా చాలు, వెనుక వరుసలోంచి మాజీ మాస్టర్లు నలుగురు నాలుగు రకాల మాటలు ఒకేసారి అందిస్తారు. కళ్లకు గంతలు కట్టుకొని నిలబడ్డ అభ్యర్థికి ఆ కలకలం క్రతువులో భాగమో కాదో తెలియదు పాపం.

రెండో డిగ్రీ అయిన ఫెలో క్రాఫ్ట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూలమట్టం, రసమట్టం, తూకపు గుండు ఇందులో పనిముట్లు: నడవడికలో సక్రమత, మనుషుల పట్ల సమభావం, బతుకులో నిటారుతనం వాటి అర్థాలు. కళలూ శాస్త్రాలూ అభ్యసించమంటుంది, ఎలాగో చెప్పదు. మొదటిదానికీ మూడోదానికీ నడుమ వంతెనలా ఉండి, దాటిన వెంటనే మరపున పడుతుంది.

మూడోది అలా కాదు. బైబిల్లోని సొలొమోను రాజు దేవాలయం కట్టిన ముఖ్య స్థపతిగా లాడ్జి కథ చెప్పే హీరామ్ అబిఫ్, తనకు తెలిసిన రహస్యాన్ని బయటపెట్టమని ముగ్గురు పనివారు బెదిరించినా మాట తప్పక ప్రాణం వదులుతాడు. గదిలో వెలుగు బాగా తగ్గించి నడిపే ఈ క్రతువులో అభ్యర్థి ప్రేక్షకుడు కాడు, అంతకుమించి చెప్పను. మృత్యువు గురించి మాట్లాడడానికి నలుగురూ మొహమాటపడే చోట, ఈ డిగ్రీ ఆ విషయాన్ని సూటిగా ముందుపెట్టి, నీకున్న రోజులు కొద్ది, మాట నిలబెట్టుకొనే మనిషిగా ఉంటావా అని అడుగుతుంది. మూడింటిలోనూ నిస్సందేహంగా ఇదే గొప్పది. ఒకే షరతు ఏమిటంటే, నడిపేవారు దాన్ని నాటకంలా అతిగా ఆడకూడదు, యాంత్రికంగా ముగించనూ కూడదు.

క్రతువు లేని సాయంత్రాలు మాత్రం నీరసమే. గత సమావేశపు మినిట్సు, ఖాతాలు, ఉత్తరప్రత్యుత్తరాలు, వచ్చిన అతిథి పెద్దలకు హోదా వరుసలో వందనాలు, ఇలా సాగి సాగి ముగుస్తుంది. హోదాల వ్యామోహం ఈ సంస్థకున్న పాత జబ్బు. తెల్ల ఏప్రన్‌తో మొదలైన మనిషి కాలక్రమేణా నీలి అంచులు, ముదురు నీలం, బంగారు జరీ, మెడపట్టీలు, పతకాల వైపు ఎగబాకుతుంటాడు, ఎవరికి ఏ ఏడు ఏ పదవి దక్కిందన్న చర్చ విందులో గంటల తరబడి నడుస్తుంది. అందరూ ఒకే మట్టం మీద కలుస్తారని చెప్పే చోట, ముందు వరుసలో ఎవరు కూర్చోవాలన్న విషయంలో ఇంత పట్టింపు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

క్రతువు ముగిశాక సాగే విందును ఇంగ్లీషు పద్ధతిలో ఫెస్టివ్ బోర్డ్ అంటారు. సహవాసం నిజంగా పుట్టేది ఇక్కడే. దీనికీ ఒక తంతు ఉంది: గ్లాసులెత్తి శుభం కోరే టోస్టులు వరుసగా, అడుగుభాగం మందంగా ఉండే గాజు గ్లాసులను బల్లకేసి ఒక్కసారిగా కొట్టడం, గడియారం ముళ్లు మూలమట్టం ఆకారంలోకి వచ్చే రాత్రి 9 గంటలకు రాలేకపోయిన సోదరులను తలచుకోవడం, చివర్లో టైలర్ లేచి ఎక్కడెక్కడో కష్టాల్లో ఉన్న సోదరులకు ఊరట కలగాలని కోరడం. లాడ్జిలో మతవాదనలూ రాజకీయాలూ మాట్లాడకూడదన్న నియమం ఫలితం ఈ బల్ల దగ్గరే తెలుస్తుంది. ఓటు ఎవరికి వేస్తాడో, ఏ గుడికి లేదా ప్రార్థనాలయానికి వెళతాడో తెలియని మనిషి పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటారు. అతని మోకాళ్ల నొప్పులు, కూతురి చదువు, అమ్ముదామా వద్దా అని ఊగిసలాడుతున్న ఇల్లు, ఇవన్నీ తెలుస్తాయి. బయట అయితే అభిప్రాయాలు ముందు తెలిసి, మనిషి దాకా వెళ్లకుండానే పరిచయం తెగిపోతుంది. ఈ ఒక్క నియమాన్ని ఇతర సంఘాలు అరువు తెచ్చుకున్నా తప్పులేదు.

అయితే ఈ సహవాసం తనంతట తానుగా రాదు. కొత్త సభ్యుణ్ణి మొదటి రాత్రి అందరూ చుట్టుముట్టి అభినందిస్తారు, అతని ఆరోగ్యాన్ని కోరుతూ గ్లాసులెత్తుతారు. తరువాతి సమావేశానికి పాత స్నేహబృందాలు మళ్లీ పాత చోట్లకు చేరుకుంటాయి. అక్కడ చొరబడి కూర్చునే స్వభావం లేనివారు ఒకటి రెండేళ్లలో రావడం మానుకుంటారు. వారిని ప్రవేశపెట్టిన సభ్యుడే వెంట ఉండి నలుగురికీ పరిచయం చేయాలి, ఆ బాధ్యతను గట్టిగా పట్టించుకునేవారు తక్కువ.

దీనికి పూర్తిగా భిన్నంగా పనిచేసేది ఆల్మనర్ పదవి. సోదరుల, దివంగత సోదరుల కుటుంబాల బాగోగులు చూసే అధికారి ఇతను. మా ఆల్మనర్ దగ్గర అట్టలు నలిగిన ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో వరుసగా సమావేశాలకు రానివారి పేర్లు, ఆసుపత్రిలో ఉన్నవారి వార్డు నంబర్లు, భర్తలను పోగొట్టుకున్న ఇల్లాళ్ల ఫోను నంబర్లు, వారిలో ఎవరికి సాయంత్రం చేస్తే ఇబ్బందో, ఎవరికి పొద్దున చేస్తే మాట్లాడే ఓపిక ఉండదో కూడా రాసి ఉంటుంది. ఆయన లాడ్జిలో లేచి ఇచ్చే నివేదిక రెండు మూడు వాక్యాలకు మించదు, అందులో పేర్లూ వివరాలూ ఉండవు. దానధర్మాల గురించి లాడ్జి పలికే గంభీర వాక్యాలన్నీ ఆ నోటుబుక్కులోకి వచ్చేసరికి ఫోను కాల్స్ అయ్యాయి. ఏ లాడ్జి విలువనైనా తేల్చుకోవాలంటే మాస్టర్‌ను కాక ఆల్మనర్‌ను కలవమని సలహా ఇస్తాను.

ఇప్పుడు మూడో వాగ్దానం. నీతిని ఉపమానాల్లో దాచి, చిహ్నాలతో వివరించే ప్రత్యేక పద్ధతిగా ఫ్రీమేసన్రీ తనను తాను నిర్వచించుకుంటుంది. కానీ దాచినదాన్ని విప్పే పని ఎవరు చేయాలి? సభ్యులు సాధన చేసే లాడ్జ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఏ కాలు ముందు వేయాలి, ఏ మూల తిరగాలి, ఏ పదం దగ్గర ఆగాలి అన్నవాటిని పొల్లుపోకుండా నేర్పుతారు. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే, ముందు సరిగ్గా చెప్పడం నేర్చుకోండి అంటారు. కొలబద్దను చేతికిచ్చి రోజును భాగాలుగా పంచుకోమన్న లాడ్జి, నువ్వెలా పంచుకుంటున్నావని ఆ తరువాత ఎన్నడూ అడగదు. మతమూ రాజకీయమూ వద్దన్న నియమం బల్ల దగ్గర మేలు చేసినా, ఇక్కడ అడ్డుపడుతుంది. నిజాయితీ అన్న మాటకు గదిలో అందరూ తల ఊపుతారు. పని జరగడానికి లంచం ఇచ్చినవాడి నిజాయితీ ఎంత అన్న ప్రశ్న వివాదానికి దారితీస్తుందని ఎవరూ లేవనెత్తరు. అలా నీతి అంతా పెద్ద పెద్ద నామవాచకాల్లోనే ఉండిపోతుంది. మా లాడ్జిలో క్రతువు లేని ఒక సాయంత్రం ఒక సభ్యుడు ట్రేసింగ్ బోర్డు అనే బొమ్మల పలక మీది చిహ్నాల గురించి క్లుప్తంగా మాట్లాడి, మీ వృత్తిలో ఈ తూకపు గుండు ఎక్కడ పక్కకు ఒరుగుతుందో చెప్పండని ప్రశ్న వదిలాడు. ఆ రాత్రి విందులో పదవుల ప్రస్తావన రాలేదు, ఇంటికి వెళ్లడానికి ఎవరూ తొందరపడలేదు. అలాంటి సాయంత్రాలు తరచుగా ఏర్పాటు చేయడానికి ఖర్చు లేదు, నియమాలూ అడ్డురావు. మినిట్సు తగ్గించుకొని చేసుకోవచ్చు, చేయరు.

ఈ ఫిర్యాదులో లాడ్జికి అనుకూలంగా చెప్పవలసిన ఒక మాట కూడా ఉంది. ఇక్కడ ఆలోచన వినడంవల్లకన్నా పాత్ర మారడంవల్ల కలుగుతుంది. సాధారణంగా పదవులు ఏటేటా ఒక మెట్టు చొప్పున మారుతాయి. లోపలి కాపలాదారుగా ఉన్నవాడు డీకన్ అవుతాడు, తరువాత వార్డెన్, ఆపైన మాస్టర్. అభ్యర్థిగా ఉన్నప్పుడు మీకు ఒక్క మాటా సరిగ్గా గుర్తుండదు. డీకన్‌గా, కళ్లకు గంతలున్న మరొకణ్ణి చేయిపట్టి గది చుట్టూ నడిపిస్తున్నప్పుడు, అతని వేళ్లు మీ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయో గమనించి, అడుగు నెమ్మదించి, మలుపు ముందే చెవిలో చెబుతారు. నమ్మకం అన్న మాట అర్థం నాకు అక్కడ తెలిసినంతగా ఏ ప్రసంగంలోనూ తెలియలేదు. మాస్టర్‌గా కొత్తవాడికి హితవు చెప్పవలసి వచ్చినప్పుడు, కంఠతా పట్టిన ప్రతి వాక్యమూ చెప్పేవాడినే ముందు నిలదీస్తుంది. కాబట్టి పదవులు తీసుకోకుండా పక్క కుర్చీల్లో కూర్చుని చూసి వెళదామనుకునేవారికి ఈ సభ్యత్వం నేను సిఫారసు చేయను. వారికి అందేది ఒక విందు, కొన్ని అందమైన వాక్యాలు, అంతే.

తరచుగా వినిపించే కొన్ని సందేహాల గురించి క్లుప్తంగా చెబుతాను. రహస్యాల విషయంలో బయట ఉన్న ఉత్కంఠకు తగినంత సరుకు లోపల లేదు. శామ్యూల్ ప్రిచర్డ్ అనే వ్యక్తి 1730లోనే క్రతువు వివరాలను అచ్చువేసి అమ్మాడు; ఈనాడు ఇంగ్లీషు గ్రాండ్ లాడ్జి తన సభ్యులు దాచవలసినది పరస్పరం గుర్తుపట్టే పద్ధతులను మాత్రమేనని చెబుతుంది. వ్యాపారం పెరుగుతుందని చేరేవారు ఉన్నారు, వారు సాధారణంగా నిరాశపడతారు, లాడ్జి కూడా వారితో విసిగిపోతుంది. కాథలిక్ చర్చి 1738లో పోప్ పన్నెండవ క్లెమెంట్ ఆదేశంతో మొదలుపెట్టిన నిషేధాన్ని 1983లోనూ పునరుద్ఘాటించింది, కాబట్టి ఆ చర్చికి చెందినవారు ఈ విషయం ముందే తెలుసుకొని నిర్ణయించుకోవాలి. దేవుణ్ణి నమ్మనివారికి ఇంగ్లీషు పద్ధతి లాడ్జిల్లో ప్రవేశం లేదు. ఫ్రాన్స్‌లోని ఫ్రీమేసన్ పాలక సంస్థ గ్రాండ్ ఓరియంట్ 1877లో ఆ షరతును తొలగించినందుకే ఇంగ్లీషు గ్రాండ్ లాడ్జితో దాని సంబంధాలు తెగిపోయాయి.

స్త్రీల విషయం ఇంత తేలిగ్గా తేలేది కాదు. ప్రధాన స్రవంతి లాడ్జిలు ఇప్పటికీ పురుషులకే పరిమితం. స్త్రీ పురుషులిద్దరినీ చేర్చుకునే 'ల ద్రువా యుమాఁ' అనే ఫ్రీమేసన్ సంఘం పారిస్‌లో 1893లోనే ఏర్పడింది, దాన్ని 1902లో బ్రిటన్‌కు తెచ్చినవారిలో అనీబిసెంట్ ముఖ్యురాలు. స్త్రీలకే ప్రత్యేకమైన సంఘం ఇంగ్లండులో 1908 నుంచి నడుస్తోంది. దారి లేదనలేం కానీ అది వేరే దారి. మట్టం మీద అందరూ సమానమన్న మాటను మగవాళ్ల గదిలో మగవాళ్లకే చెప్పుకోవడం ఎలాంటిదో మా లాడ్జిలో అడిగినప్పుడు, సంప్రదాయం అన్న ఒక్క మాట జవాబుగా వచ్చింది. సంప్రదాయాన్ని నేనూ ఇష్టపడతాను, లేకపోతే ఇన్ని వాక్యాలు కంఠతా పట్టేవాణ్ణి కాను, అయినా ఆ జవాబు నాకు చాలలేదు.

మార్కులు వేయమంటే క్రతువుకు అయిదింట నాలుగున్నర, సహవాసానికి మూడున్నర, నైతిక చింతనకు రెండు వేస్తాను. కంఠస్థం చేయడాన్ని భారంగా భావించనివారు, ఒకే మాటను పదేపదే వినడంలో విసుగు చెందనివారు, తమ వృత్తికీ బంధువర్గానికీ బయట స్నేహాలు కావాలనుకునేవారు చేరవచ్చు. వాదోపవాదాల్లో రుచి ఉన్నవారు, సాయంత్రాలు ఇంటికి అవసరమైనవారు ఆగడం మేలు. దరఖాస్తుకు ముందు, తెలిసిన సభ్యుడి ద్వారా గత రెండేళ్ల సమావేశాల ఆహ్వాన పత్రాలు అడిగి చూడండి. వాటిలో ఎన్ని సాయంత్రాలు డిగ్రీ క్రతువుకు, ఎన్ని ఖాతాలకూ వందనాలకూ పోయాయో తెలిసిపోతుంది. కొత్త అభ్యర్థులు లేని లాడ్జిలో చేరితే, మీ మూడు డిగ్రీలు అయిపోయాక చూడడానికీ చేయడానికీ క్రతువే మిగలదు. ఏడాది ఖర్చు మొత్తం ఎంతో కోశాధికారి చేత కాగితం మీద రాయించుకోండి, విందుల వాటా ఎంతో, దానాల వాటా ఎంతో విడిగా అడగండి. ఆయన ఇబ్బందిపడకుండా చెబితే, ఆ లాడ్జి సంగతి ముందుకు ఆలోచించవచ్చు.